పదింటికి, తెల్లరాళ్ల ఒడ్డున

పానాహచెల్
2 మే 2006, మంగళవారం

మావయ్యా,

మీ రెండో ఫోను కూడా సరస్సులోకే వెళ్లిందట. లాంచీ నడిపే ప్లాసిదో ఆ సంగతి రేవంతా చెప్పి నవ్విస్తున్నాడు. అందుకే మళ్లీ కాగితం, పెన్ను పట్టాను. రేపు మొదటి లాంచీలో అతని చేతికే ఇస్తాను. దారిలో విప్పి చదివే మనిషి కాబట్టి ఇంటి గుట్లేవీ రాయను.

సంగతేమిటంటే, షేలా ఊరి నుంచి ఎనిమిదిమంది పంతులమ్మలు విహారానికి వస్తున్నారు. అందరూ యాభై దాటినవాళ్లు. ఒక్కరికీ భయమన్నది లేదు. గురువారం చీకటితో లేచి ముక్కు కొండ ఎక్కి సూర్యోదయం చూస్తారట. శుక్రవారం తీగకి వేలాడుతూ లోయ దాటుతారట. శనివారం నాతో కయాకులు. శాంతా క్రూస్ దగ్గర బయల్దేరి, ఒడ్డు వెంబడే తెడ్లేసుకుంటూ సాన్ మార్కోస్ వచ్చి, గట్టు మీంచి దూకే సరదా తీర్చుకుని, తెల్లరాళ్ల ఒడ్డు చేరతాం. మీరు పదింటికి అక్కడికి రావాలి. ఎనిమిదిమందినీ ఎక్కించుకుని, ఖాళీ కయాకుల్ని వెనక కట్టుకుని, గాలి లేవకముందే పానా చేర్చెయ్యాలి.

మా మేనేజరు లిసాంద్రో ఈ పని తాచో నీలం స్పీడుబోటుకి ఇద్దామన్నాడు. "మీ మావయ్య పడవ పాతది, మీ మావయ్య అంతకన్నా పాత" అన్నాడు. నేను పట్టుబట్టి మీ పేరు రాయించాను. తేడా వస్తే నా గైడు కార్డు లాక్కుంటానని అందరి ముందూ అన్నాడు. కాబట్టి పదింటికి, మావయ్యా.

ఇక్కడ ఆదివారం సర్కారు ఆర్డరు ప్రకారం గడియారాలన్నీ గంట ముందుకి తిప్పారు. ఆఫీసు గోడ మీద 'అధికారిక సమయం' అని కాగితం కూడా అంటించారు. మీరు తిప్పరని నాకు తెలుసులెండి.

అత్తయ్యని అడిగానని చెప్పండి.

మీ ఎలూవియా


సాన్ పెద్రో
3 మే, బుధవారం

రోసెందా కూతురికి,

ప్లాసిదో చదివాడు. ఉత్తరం నా చేతికిస్తూ "ముక్కు కొండకి ముసలమ్మలా?" అన్నాడు, ఇంకేం సాక్ష్యం కావాలి.

గంట సంగతి ఎత్తావు కాబట్టి చెబుతున్నా. ప్రెసిడెంటు చెబితే గడియారం వింటుంది. సూర్యుడు వింటాడా? రోజూ లేచే షోకోమిల్ గాలికి ఆ కాగితం ఎవరు చదివి వినిపించారు? ఇక్కడ సగం మంది దేవుడి టైము, సగం మంది కొత్త టైము. మొన్న పెళ్లికి ఆడపెళ్లివారు వచ్చి కూర్చుని, మగపెళ్లివారి కోసం గంటసేపు ఆవలించారు. ఆ దొంగ గంట నా పడవ ఎక్కదని రేవులో అందరి ముందూ చెప్పేశాను.

కానీ నీ పని వేరు. పదింటికి తెల్లరాళ్ల ఒడ్డు. ఉంటాను. నీ కార్డు నా జేబులో ఉందనుకో.

రెండు మాటలు చెబుతాను, గైడువైనా విను. సాన్ మార్కోస్ గట్టు కింద ఈ ఏడు నీళ్లు తగ్గాయి. నిరుటి చోట నుంచి దూకనివ్వకు. రెండోది, నీటి మీద సన్నగా ముడతలు మొదలయ్యాయంటే ఇంక కయాకు దించకు. మీ అమ్మకి నేను చెప్పిన మొదటి మాట అదే. ఆవిడా విన్లేదు, నాకన్నా బాగా తెడ్డేసేది కాబట్టి.

మీ అత్తయ్య ఫెలిపా ఎండుచేపల కూర ఆకుల్లో చుట్టి పంపిస్తోంది. ప్లాసిదో అది కూడా విప్పితే నాకు చెప్పు.

మావయ్య క్లెమెంతే


పానాహచెల్
7 మే, ఆదివారం

క్లెమెంతే మావయ్య గారికి,

మీరు రాలేదు.

పదింటికల్లా తెల్లరాళ్ల ఒడ్డు చేరాం. ముప్పావు గంట చూశాను. వెనక నిట్టనిలువు కొండ, దారి లేదు, ఫోను పలకదు. దాటి వెళ్లే పడవ ఒక్కటీ లేదు. నీటి మీద ముడతలు మొదలయ్యాయి. మీరు చెప్పిన మాట గుర్తుంది. కానీ ఆ రాళ్ల మీద ఎనిమిదిమందిని సాయంత్రం దాకా కూర్చోబెట్టలేను, వాళ్లలో ఒకావిడకి చక్కెర జబ్బు. మలుపు తిరిగితే సాన్ హువాన్ కనిపిస్తుంది కదా, ఒడ్డుకి ఆనుకుని పోదామన్నాను.

మలుపు దగ్గర షోకోమిల్ మీద పడింది. మూడు కయాకులు బోల్తా కొట్టాయి. ఇద్దర్ని నేను పట్టుకున్నాను. మూడో ఆవిడ, ఓబ్దూలియా టీచరు, రాళ్ల మీదికి పోయింది. సాన్ హువాన్ జాలర్లు తీశారు. తలకి దెబ్బ, ఊపిరితిత్తుల్లో నీళ్లు. సొలొలా ఆసుపత్రిలో ఉంది. ఇంకా కళ్లు తెరవలేదు. గురువారం అందరికన్నా ముందు ముక్కు కొండ ఎక్కి పైనుంచి మిగతావాళ్లని వెక్కిరించింది ఆవిడే.

నా కార్డు ఇంకా నా దగ్గరే ఉంది. విచారణ అయ్యేదాకా నీళ్ల దరికి రావద్దన్నారు. ఎందుకు రాలేదో మాత్రం ఒక్కటి చెప్పండి. అత్తయ్యకి బాగోలేదా? మీకు బాగోలేదా? ఏదో ఒకటి అయ్యుండాలని కోరుకుంటున్నాను, చూడండి, ఎంత దాకా వచ్చానో.

ఎలూవియా


సాన్ పెద్రో
8 మే

అమ్మాయ్,

నేను వచ్చాను.

ఉత్తరం నాలుగుసార్లు చదివాను, నాలుగుసార్లూ నాకు అర్థమైంది ఒక్కటే, నువ్వు నన్ను అబద్ధాలకోరు అంటున్నావు. చెప్పిన టైముకి తెల్లరాళ్ల ఒడ్డున లంగరేశాను. నరపురుగు లేదు. అరగంట కూర్చున్నాను. ప్లాసిదో పానా నుంచి వస్తూ పడవ ఆపి, "ఇంకా ఎవరి కోసం, సాన్ మార్కోస్ దగ్గర కయాకుల వాళ్లంతా తాచో నీలం బోటు ఎక్కారు, నా కళ్లతో చూశాను" అన్నాడు. అంటే మీ మేనేజరు మాటే గెలిచిందన్నమాట, ముసలి పడవని రమ్మని చెప్పి కుర్ర పడవ ఎక్కావన్నమాట అనుకున్నాను. ఇంటికొచ్చి పడుకున్నాను. మధ్యాహ్నం సాన్ హువాన్ కబురు తెలిసింది.

ఆవిడ కోసం ఫెలిపా కొవ్వొత్తి వెలిగించింది. నేను పక్కన నిలబడ్డాను.

ఇవాళ లాంచీల సంఘం వాళ్లు వచ్చి నా పడవ రోసెందాకి ఉన్న పద్నాలుగో నంబరు బోర్డు విప్పి తీసుకుపోయారు. మీ అమ్మ పేరు మాత్రం పడవ మీద అలాగే ఉంది, అది పెయింటు కాబట్టి. శనివారం ఇరవయ్యో తారీకున సభ. అక్కడ తేలుస్తారు, నాకు రేవులో వంతు ఉంటుందో ఉండదో. బోర్డు లేని పడవ అంటే ఏమిటో నీకు చెప్పనక్కర్లేదు. కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి పనికొస్తుంది.

క్లెమెంతే


పానాహచెల్
10 మే

మావయ్యా,

నీలం బోటు ఎక్కింది రాజధాని నుంచి వచ్చిన కుర్రకారు, వాళ్లవీ కయాకులే. ప్లాసిదో రంగులు చూశాడు, మొహాలు చూడలేదు. మీరు అతని మాట నమ్మారు. నేను మిమ్మల్ని కాదని ఇంకో పడవ ఎక్కుతానని నమ్మారు. అది పక్కన పెడతాను.

మీ గడియారంలో ఎన్నయింది, మీరు లంగరేసినప్పుడు? సూటిగా చెప్పండి. ఆ ఒడ్డున పది నుంచి పదీ ముప్పావు దాకా నేనున్నాను. మీరు లేరు. అంటే మేం పోయాక వచ్చారు. దారిలో కాఫీకి ఆగారా? లేకపోతే కొత్త టైము మీద పంతంతో కావాలని నిదానంగా బయల్దేరారా? ఇక్కడ లిసాంద్రో అదే అంటున్నాడు. కాదని వాదించడానికి నా దగ్గర ఒక అంకె లేదు.

ఓబ్దూలియా టీచరు నిన్న కళ్లు తెరిచింది. ఎవర్నీ గుర్తుపట్టడం లేదు. వాళ్ల అబ్బాయి ఆసుపత్రి వరండాలో నా పక్కనే కూర్చుంటాడు. తిట్టినా బాగుండును.

ఇంకో సంగతి. నిన్న ఉత్తరం ఇద్దామని రేవుకి వెళ్తే చెక్కల మీద కాలు పెట్టలేకపోయాను. మోకాళ్లు వణికాయి. టికెట్లమ్మే ఆవిడకి ఇచ్చి వచ్చేశాను. నేను ఈ నీళ్ల మీద పుట్టినదాన్ని, మావయ్యా.

ఎలూవియా


సాన్ పెద్రో
12 మే

అమ్మాయ్,

నా గడియారం సంగతి నీకెందుకు? టైముకే వచ్చాను. సంఘం పెద్దలు కూడా ఇదే అడిగారు, వాళ్లకీ ఇదే చెప్పాను. అంతకన్నా చెప్పను. వంతు పోతే పోనీ.

కాఫీకి ఆగానా అని అడిగావు. మీ అమ్మ పోయిన రోజు కూడా పడవలోని రోగుల్ని ఒడ్డుకి దించాకే ఇంటికి వచ్చిన మనిషిని నేను. నువ్వే అడిగావు.

ఇంట్లో కూర్చుంటే ఫెలిపా చేటలో బీన్సు పోసి ఒలవమంటోంది. ఒలుస్తున్నాను. కిటికీలోంచి రేవు కనిపిస్తుంది. పడవల్ని చప్పుడు బట్టి లెక్కపెడుతుంటాను. ప్లాసిదో రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి "నాదే తప్పు, డాన్ క్లెమెంతే" అని ఏడుస్తాడు. వాణ్ని ఓదార్చడం ఒక పని.

సభకి నువ్వు రానక్కర్లేదు. మోకాళ్ల సంగతి ఫెలిపాకి చెప్పలేదు.

క్లెమెంతే


పానాహచెల్
14 మే

మావయ్యా,

మూడు రోజుల్నుంచి నిద్ర లేదు. మీరు అబద్ధం చెప్పరు. నేనూ చెప్పలేదు. మరి ఇద్దరం ఒకే ఒడ్డున ఒకే టైముకి ఉండి ఒకరికొకరు ఎలా కనపడలేదు?

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి మీకు చెబుతున్నాను, అందుకే ఇది ప్లాసిదో చేతికి ఇవ్వడం లేదు. దయచేసి ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వేయండి. నేను రాసిన పది, మా ఆఫీసు పది కాదు. మీ పది. దేవుడి టైము. మీ పంతం నాకు తెలుసు, నాకోసం మీరు రేవులో తలొంచుకోవడం ఎందుకని, నేనే మీ లెక్కలోకి మార్చి రాశాను. పంతులమ్మలకి పదకొండని చెప్పాను. చీటీల మీద ఆఫీసు టైము తప్ప ఇంకోటి రాయకూడదని మా దగ్గర గట్టి నియమం. అది లిసాంద్రోకి తెలిస్తే విచారణ కూడా అక్కర్లేదు, కార్డు ఆ క్షణమే పోతుంది.

కాబట్టి మీ గడియారంలో పదికి నేనక్కడ ఉన్నాను. మీరు ఉన్నది ఎప్పుడు?

ఎలూవియా


సాన్ పెద్రో
15 మే

తల్లీ,

నేను తొమ్మిదింటికి ఉన్నాను.

నీ ఉత్తరం చదివి పీట మీద అలాగే కూర్చుండిపోయాను. ఫెలిపా ఏమైందని అడిగితే చెప్పాను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు.

నీ కార్డు పోతుందని రాశావు కదా. 'మీరు తిప్పరని తెలుసు' అని కూడా రాశావు. నేను తిప్పనని భయపడుతున్నావనుకున్నాను. పిల్ల ఉద్యోగం కన్నా నా పంతం ఎక్కువా అనుకున్నాను. బడికి కొత్త టైమే కాబట్టి మనవరాలు యెసేనియా గడియారానికి ఆ టైమే పెట్టారు. శుక్రవారం సాయంత్రం దాన్ని బతిమాలి ఆ గడియారం అడిగి తీసుకున్నాను. గులాబీ రంగు, మధ్యలో పిల్లి మొహం, మీసాలే ముళ్లు. నా మణికట్టుకి పట్టక చొక్కా గుండీకి కట్టుకుని, పైన కోటు తొడుక్కున్నాను, ఎవరూ చూడకుండా. పిల్లి మీసాలు పది చూపించినప్పుడు లంగరేశాను. దేవుడికి అప్పుడు తొమ్మిది.

ఈ సంగతి సభలో చెప్పమంటావా? ఆ దొంగ గంట నా పడవ ఎక్కదని అరిచినవాణ్ని, అదే గంటని గుండెల మీద కట్టుకుని తిరిగానని? అందుకే నోరు విప్పలేదు.

ఇప్పుడు ఇంకో కారణం కూడా దొరికింది. నాది చెబితే నీది బయటపడుతుంది. ఇంజను చెడిందని చెప్పేస్తాను. పాత ఇంజనే, నమ్ముతారు. వంతు నాది ఎలాగూ ఇంకో అయిదారేళ్లు. నీకు ముప్పై ఏళ్ల బతుకుంది. నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. ఇదీ వెయ్యి.

మావయ్య


పానాహచెల్
17 మే

మావయ్యా,

వెయ్యలేదు. దిండు కింద పెట్టుకున్నాను.

ముందు మంచి కబురు. ఓబ్దూలియా టీచరు ఇవాళ కొడుకుని పేరు పెట్టి పిలిచింది. నన్ను చూసి, "నా తెడ్డు ఏమైంది?" అని అడిగింది. సరస్సులో ఉందన్నాను. "మంచిది, కొట్టుకొస్తే దాచు, మళ్లీ వస్తాను" అంది. వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాను. వాళ్లబ్బాయి మంచినీళ్ల సీసా ఇచ్చాడు.

శనివారం నేను వస్తున్నాను. ఇంజను చెడిందని మీరు చెప్పడానికి వీల్లేదు. ఇంజను సరిచూసుకోని కెప్టెన్ అని రాసుకుంటారు, జన్మలో బోర్డు ఇవ్వరు. ఇద్దరి తప్పూ నేను చెబుతాను. లిసాంద్రో కూడా వస్తున్నాడట, విననీ.

సభ తొమ్మిదింటికి కదా. మీ తొమ్మిదే కదా? చూడండి, ఇప్పుడు అడుగుతున్నాను.

ఎలూవియా


సాన్ పెద్రో
18 మే

సభ దేవుడి టైము తొమ్మిదికి. కానీ రావద్దు. మోకాళ్లు వణికే పిల్లని ఆ నీళ్ల మీదికి రప్పించుకుని నా బోర్డు నేను తెచ్చుకోను. ఫెలిపా కూడా అదే అంటోంది. చెప్పిన మాట ఒక్కసారి విను.

మావయ్య


సాన్ పెద్రో, మీ ఇంటి అరుగు మీద
20 మే, శనివారం

మావయ్యా, మీరెక్కడ?

అంటే, ఎక్కడున్నారో ఇప్పుడు తెలిసింది. పొద్దున్నే తెలిసుంటే సభలో నా ప్రాణం అంత కొట్టుకునేది కాదు.

మొదటి లాంచీ ఎక్కాను. ఎలా ఎక్కానో అడగొద్దు. టికెట్లమ్మే ఆవిడ వెనక నుంచి నెట్టింది. బల్ల పట్టుకుని తల మోకాళ్ల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. సాన్ పెద్రో రేవుకి తగిలేదాకా తెరవలేదు. నడిచొచ్చి సభ హాల్లో చూస్తే మీ కుర్చీ ఖాళీ. తొమ్మిదయింది. తొమ్మిదీ పావు అయింది. "ముద్దాయి మొహం చాటేశాడు" అన్నాడు తాచో వాళ్ల అన్న. అధ్యక్షుడు డాన్ అపోలినారియో కళ్లజోడు తీసి, ఇక ఓటు వేద్దామన్నాడు.

నేను లేచాను. మొత్తం చెప్పాను. నా పది, మీ పది, పిల్లి గడియారం, అన్నీ. క్షమించండి. ఒక్కడూ నమ్మలేదు. "క్లెమెంతే కొత్త టైము పెట్టుకున్నాడా? ఇంకేదైనా కథ చెప్పమ్మా" అన్నారు. "మావయ్యా మేనకోడలూ కూడబలుక్కున్నారు" అన్నారు. మీరు పక్కనుంటే ఆ గడియారం చూపించేవారు కదా అని మీ మీద కోపం వచ్చింది.

అప్పుడు ప్లాసిదో వచ్చాడు, పానా నుంచి వెనక్కి తిరిగి వచ్చి. ఖాళీ కుర్చీ చూశాడు, నన్ను చూశాడు. "నువ్విక్కడున్నావేంటి? మీ మావయ్య నీకోసం నా పడవలో పానా వెళ్లాడు. నీళ్లంటే భయపడుతోంది, పక్కన కూర్చుని తీసుకొస్తానని. టికెట్టు కొన్నాడు. వద్దన్నా కొన్నాడు" అన్నాడు.

డాన్ అపోలినారియో కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "అయితే ఈ కుటుంబంలో ఇది అలవాటే అన్నమాట" అన్నాడు. ముందు ఎవరో ముసిముసిగా నవ్వారు, తర్వాత హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, కన్నీళ్లు కారుతుండగా. ఇంక సాక్ష్యం అడగలేదు.

బోర్డు ఇచ్చేశారు. నా ఒళ్లో ఉంది, పద్నాలుగు. నెల రోజులు మాత్రం ప్రయాణికుల్ని ఎక్కించుకోకూడదన్నారు. ఒడ్డున వదిలి వచ్చినందుకు. లిసాంద్రో బయట నా దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు. కార్డు తీసి ఇచ్చేశాను. అనుకున్నంత బాధ అనిపించలేదు. సాయంత్రానికి అనిపిస్తుందేమో.

ప్లాసిదో గాలి లేవకముందే ఇంకోసారి పానా వస్తున్నాడు. ఇది అతనితో పంపిస్తున్నాను. చదవనని ఒట్టేశాడు. మీరు అక్కడే ఉండండి. ఎవరో ఒకరం కదలకుండా ఉండాలి.

మీ ఎలూవియా


పానాహచెల్, నీ గది గుమ్మంలో
20 మే, సాయంత్రం

తల్లీ,

ప్లాసిదో తెచ్చిచ్చాడు. వెంటనే వెనక్కి పోదామంటే షోకోమిల్ లేచింది, ఇవాళ గట్టిగా ఉంది. రేపు పొద్దున గానీ పడవ కదలదు. ఈ ఉత్తరమూ, నేనూ ఒకే పడవలో వస్తాం. అయినా రాస్తున్నాను, ఎదురుగా నిలబడితే నోరు పెగలదు.

పొద్దున సరస్సు మధ్యలో మాకో లాంచీ ఎదురొచ్చింది. అందులో ఒకమ్మాయి తల మోకాళ్లలో పెట్టుకుని కూర్చుంది. పాపం ఎవరి పిల్లో అనుకున్నాను. ఇంకాస్త పరీక్షగా చూడాల్సింది.

సభలో నువ్వు గడియారాల తప్పని చెప్పావు. వాళ్లు నమ్మారు, నవ్వారు, బోర్డు ఇచ్చారు. అది నిజం కాదు, ఎలూవియా. నేను గంట ముందే వచ్చాను కదా. ఇంకో అరగంట కూర్చుని ఉంటే నువ్వు కనిపించేదానివి. కాఫీ బస్తాల కోసం ఆ ఒడ్డున రెండేసి గంటలు కాచుకున్నాను. ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం వానలో కాచుకున్నాను. నా చెల్లెలి కూతురి కోసం అరగంట. ప్లాసిదో ఒక మాటన్నాడు, నాకు రోషం వచ్చింది, లంగరు ఎత్తేశాను. ఇన్నాళ్లూ నీకు చెప్పలేకపోయింది పిల్లి గడియారం గురించి కాదు. ఇది.

ఓబ్దూలియా టీచరు దగ్గరికి నన్ను తీసుకెళ్లు. ఆవిడకి కూడా చెప్పాలి.

కార్డు పోయిందని రాశావు. నెల తర్వాత రోసెందాకి ముందు కొసన గడ పట్టడానికి ఒక మనిషి కావాలి. మీ అమ్మ చోటు అది. వణికితే వణుకు, పడవ ఎలాగూ ఊగుతుంది.

రేపు పొద్దున మన రేవుకి వచ్చి నిలబడు. టైము రాయను. ఎండ చెక్కల మీద పడేసరికి వస్తాను. ఒకవేళ కనపడకపోతే, ఇంకాసేపు చూడు.

మావయ్య